యంత్రం మౌనంగా ఉన్నవేళ

యంత్రం స్వయంగా పనిచేస్తుంటే మానవునికి ఇక చింత ఏల అని మన విద్యార్థులు తరచు ప్రశ్నిస్తుంటారు. బెంగుళూరులో జరిగిన ఒక దుర్ఘటనను వారు తెలుసుకొనవలసి ఉన్నది.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి దగ్ధమైనది. 146 మందిలో 92 మంది అసువులు బాసినారు. ఆకాశం నిర్మలం. ఇంజన్లలో లోపమేదీ కనబడలేదు. ఎయిర్‌బస్ ఏ-320 రకం విమానాలు ఆ సంస్థకు వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

పైలట్లు పరిస్థితి తీవ్రతను సకాలంలో గ్రహించలేదని జస్టిస్ శివశంకర భట్ విచారణలో తేలినది. కాదనలేము. కాని ఎందుకు గ్రహించలేదు? ఆ విమానంలో కంప్యూటర్ ఒక విధానంలో వేగాన్ని కాపాడుతుంది. మరొక విధానంలో ఇంజన్ల శక్తిని కనిష్ఠానికి తగ్గించి ఉంచుతుంది. నాడు ఉన్నది రెండవది. దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్లు రెండింటినీ ఆపివేసి ఉంటే వేగం బాధ్యతను యంత్రమే తిరిగి స్వీకరించేది. ఒకటి ఆగినది, రెండవది ఆగలేదు. వేగం క్రమక్రమంగా క్షీణించినది. పాత విమానాల్లో కంప్యూటర్ శక్తిని తగ్గిస్తే చేతి కింది మీట కూడా కదిలేది. పైలట్ అరచేతికే తెలిసిపోయేది. ఇందులో మీట కదలదు. ప్రమాదం గుర్తించి పూర్తి శక్తి కోరేసరికి, ఇంజన్లు పుంజుకొనేందుకు కావలసిన కొద్ది సెకన్లు కూడా మిగలలేదు.

అందుచేత తప్పంతా మృతులైన పైలట్ల మీద మోపడం నాకు సమంజసంగా తోచదు. 1992 జనవరిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ వద్ద ఇదే రకం విమానం కొండను ఢీకొని 87 మంది మరణించినారు. 3.3 డిగ్రీల వాలు అనుకొని పైలట్లు పెట్టిన అంకెను యంత్రం నిమిషానికి 3,300 అడుగులుగా తీసుకొని ఉండునని దర్యాప్తువారు భావించినారు. అంకె ఒక్కటే, అర్థాలు రెండు! తరువాత ఆ అంకెలు కనబడే తీరునే మార్చినారు. 2018, 2019లలో రెండు బోయింగ్ 737 మాక్స్ విమానాలు కూలి 346 మంది మరణించినారు. విమానం ముక్కును కిందికి నెట్టే ఒక వ్యవస్థ అందులో ఉన్నదన్న సంగతే మొదటి ప్రమాదానికి ముందు పైలట్ల పుస్తకాల్లో లేదు.

ఇదంతా మన కమ్మర్‌పల్లికి దూరపు ముచ్చట అనుకోనక్కరలేదు. పసుపు చేలల్లో మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి గదా! కరెంటు రాగానే మోటారు తానే తిరిగేది, రైతు నిశ్చింతగా నిద్రించేవాడు. 2018 జనవరి నుండి 24 గంటల విద్యుత్తు వచ్చినప్పుడు ఆ స్టార్టర్లనే తొలగించండని ప్రభుత్వం కోరవలసి వచ్చినది. చేను తడిసినా మోటారు ఆగదు, భూగర్భజలం వృథా. యంత్రం చెడలేదు. చూసేవారు లేరు, అంతే.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. సైన్స్ ప్రదర్శనలో తనంత తాను నడిచే యంత్రాన్ని తెచ్చే ప్రతి విద్యార్థీ, అది ఈ క్షణాన ఏమి చేస్తున్నదో చూసేవారికి తెలిపే దీపమో గంటో దానికి అమర్చవలెననీ, అది మొరాయిస్తే చేతితో నడిపి చూపవలెననీ నియమం పెట్టండి. మార్కులలో సగం దానికే కేటాయించండి.