చూచెడి బొమ్మ

తోలుబొమ్మలాటలో సీత దుఃఖించునప్పుడు ప్రేక్షకులును కంటతడి పెట్టుదురు. అది తోలని వారెరుగుదురు, ఎరిగియే విలపింతురు. అయితే ఎదుట కూర్చుండినవారిలో ఎవరు ఏడ్చిరో తెరమీది సీతకు తెలియదు. అట్లు తెలియకపోవుటలోనే ప్రేక్షకునకు స్వేచ్ఛ యున్నది. ఇప్పుడు కంప్యూటరు తెరమీది బొమ్మకు ఆ ఎరుక కలుగుచున్నది.

నెదర్లాండ్సులోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010 ప్రాంతమున ఒక ప్రసిద్ధమైన కంప్యూటరు ఆటను ఇందుకు వాడుకొనిరి. ఆడువాని తలపై అమర్చిన ఎలక్ట్రోడులు మెదడులోని ఆల్ఫా తరంగములను గ్రహించును. అతడు ప్రశాంతముగా నున్నచో తెరమీది పాత్ర మానవాకృతితో నుండును; ఉద్రిక్తుడైనచో ఎలుగుబంటిగా మారును. అది వినోదమే. కాని పలుకని మాట పాత్రకు చేరినది.

ఈ తరంగములను మానవునియందు మొదట 1924లో నమోదు చేసిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ కథ స్మరింపదగినది. యౌవనమున సైనికశిక్షణలో అతడు గుఱ్ఱముపైనుండి పడి, ఫిరంగిబండి చక్రముల క్రింద నలుగకుండ వెండ్రుకవాసిలో తప్పించుకొనెను. ఆనాడే ఇంటినుండి క్షేమమడుగుచు తంతి వచ్చినది. సోదరునకు ఏదో కీడు మూడెనని దూరముననున్న అతని సోదరికి తోచినదట! మనస్సునుండి మనస్సునకు ఏదో ప్రసరించునను నమ్మకముతో అతడు జీవితమంతయు వెదకెను. దొరికినది మాత్రము నెత్తిపై వోల్టులో లక్షవ వంతు పాటి విద్యుత్తు. దానినుండి అలసటను, అవధానమును స్థూలముగా ఊహింపవచ్చును. వలపును చదువగలమను వర్తకుల మాట నమ్మదగినది కాదు.

పుఱ్ఱె లోపలికి చేరిన యంత్రము వేరు. 2005లో పక్షవాతము వచ్చి మాట పడిపోయిన ఒక మహిళ మెదడు ఉపరితలముపై, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందము 253 ఎలక్ట్రోడులను అమర్చినది. ఆమె పలుకదలచిన మాట నిమిషమునకు 78 పదముల చొప్పున వెలువడినదని 2023లో ప్రకటించిరి. ఆమె పెండ్లినాటి చలనచిత్రమునుండి గ్రహించిన కంఠస్వరమునే ఆ మాటకు కూర్చిరి. తెరమీది ముఖము ఆమె సంతోషమును, విచారమును, ఆశ్చర్యమును చూపినది. అచ్చట బొమ్మ ఆమెకు నోరైనది.

విపణికై ఊహింపబడుచున్న మాయాసఖి అట్టిది కాదు. ఒంటరివాని విచారమును అతడు చెప్పకముందే పసికట్టి, అతడు కోరిన ఊరటనే అందించును, ఎన్నడును అలుగదు. సత్యభామ అలుగకున్నచో పారిజాతము ద్వారకకు వచ్చియుండెడిది కాదు! అంతకంటె చిక్కు మరియొకటి కలదు. ఆట ముగిసిన పిమ్మట తోలుబొమ్మ పెట్టెలోనికి పోవును. ఈ బొమ్మ చూచినది వర్తకుని భాండారమున నిలిచిపోవును.

2021లో చిలీ దేశము మెదడు సమాచారమునకు రాజ్యాంగముననే రక్షణ కల్పించినది. 2023లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ఒక మాజీ సెనేటరు మెదడు సమాచారమును తుడిచివేయుమని ఒక విదేశీ సంస్థను ఆదేశించినది. అదే సంవత్సరమున భారత పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మెదడు సమాచారమును పేరు పెట్టి ప్రస్తావింపలేదు. నుదుటికి కట్టు తరంగగ్రాహకములు ఆటవస్తువులుగా ఇప్పటికే అమ్ముడగుచున్నవి. ఆ లోటు పూరించుటకు పార్లమెంటునకు మిక్కిలి వ్యవధి లేదు.