ఒడంబడిక మీద వేలిముద్ర ఎవరిది?

రాజనీతిశాస్త్రంలో ఒక పాఠం ఉంటుంది: రాజ్యం ఎలా పుట్టింది, హక్కులు ఎక్కడి నుంచి వచ్చాయి అని. మచిలీపట్నంలో, గుడివాడలో, అవనిగడ్డలో చదివే మన పిల్లలు దాన్ని బట్టీపట్టి పాసవుతున్నారు. ఆ పాఠంలో అనాగరికులుగా నిలబెట్టింది తమ తాతల్లాంటి వాళ్లనేనని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

రాజ్యం లేనిచోట మనుషులు ఒకరినొకరు చంపుకుంటూ బతుకుతారని హాబ్స్ 1651లో రాశాడు. అందుకు సాక్ష్యంగా అమెరికా ఆదివాసులను చూపించాడు. ఆ తర్వాత వచ్చిన లాక్, నేలలో శ్రమ కలిపినవాడికే ఆస్తి హక్కు అన్నాడు. వినడానికి బాగుంది. కానీ ఆయన లెక్కలో దున్నని నేల వృథా నేల. బానిసల వ్యాపారం చేసిన కంపెనీలో ఆయనకు వాటా ఉండేదన్న సంగతి మాత్రం గైడులో రాయరు.

ఈ సూత్రాన్ని దివిసీమకు తెచ్చి చూడండి. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల్లో, బురద పాయల్లో దిగి యానాదులు పీతలు పట్టారు, చేపలు పట్టారు. వరిచేలలో ఎలుక బొరియలు తవ్వి రైతు గింజను కాపాడారు. ఇది శ్రమ కాదా? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మాగాణికి విలువ పెరిగింది. దున్నే నేలకు పట్టా పుట్టింది. మన కాలు నడిచిన నేల బంజరు, పోరంబోకు అయింది. లాక్ లెక్కలో లేని మన శ్రమ కరణం లెక్కలోకీ ఎక్కలేదు.

ఇక ఒడంబడిక సంగతి. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. 1759లో అక్కడి కోటను ఫ్రెంచివారి నుంచి గుంజుకుంది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. ఒక పాదుషా, ఒక నిజాం, ఒక వ్యాపార కంపెనీ. ఈ నేల చరిత్రలో కాగితం మీద దొరికే ఒడంబడికలు ఇవే. వాటి మీద ఏ యానాది, ఏ ఎరుకల వేలిముద్రా లేదు. దీనికి సరిపోయేది బల సిద్ధాంతం. పరీక్షలో దానికి రెండు మార్కులే!

దొంగల నుంచి కాపాడటానికే రాజ్యం అన్నారు. ఆ రాజ్యమే 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి, మనవాళ్లను పుట్టుదొంగలని రిజిస్టర్లలోకి ఎక్కించింది. దేశమంతటా అది రద్దయింది 1952లో.

మనలోనే కొందరు అంటారు: రాజ్యాంగం ఇచ్చింది కదా, ఇంకేం కావాలి? రాజ్యాంగం మన డాలు, దాన్ని వదలం. ‘ఇచ్చింది’ అన్న మాటతోనే మన పేచీ. ఇచ్చినవాడు తీసుకోగలడు కూడా. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలోనే చెప్పాడు. 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనూ ఉన్నది హక్కుల ‘గుర్తింపు’. ముందే ఉన్నదాన్నే కదా గుర్తించేది.

కృష్ణా డెల్టా ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. 1/70 ఇక్కడ లేదు, పెసా లేదు. అడవి దాటి మైదానానికి వస్తే గిరిజనుడి హక్కు ఆవిరైపోతుందన్నట్టు! అయితే 2006 చట్టానికి ఆ గీత అడ్డు కాదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమిపై ఆధారపడి బతుకుతున్న ఎస్టీలు ఎక్కడివారైనా అడగవచ్చు. నీటిలో దొరికే చేపల మీద సామూహిక హక్కు కూడా అందులో ఉంది. మడ అడవి అడవి కాదని ఎవరనగలరు?

టీచర్లారా, ఈ పాఠం చెప్పే రోజున ఆ దరఖాస్తు ఫారం కూడా క్లాసుకు తీసుకురండి. క్లెయిము మొదలయ్యేది గ్రామసభలో. పట్టా కాగితం లేకపోయినా, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని ఆ చట్టం నిబంధనల్లో ఉంది. ఏ పాయలో ఏ నెలలో పీతలు దొరుకుతాయో, ఆ పాయకు మనవాళ్లు పెట్టిన పేరేమిటో ముసలివాళ్లను అడిగి పిల్లల చేత రాయించండి.