చివరి కుళాయి దగ్గరకు రండి

అతిసారం ఒక ఊరిని పట్టుకుందంటే పాలకపక్షం ఒక లెక్క చదువుతుంది, ప్రతిపక్షం ఇంకో లెక్క చదువుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో చూశాం. చనిపోయినవారి సంఖ్య అధికారులు మొదట చాలా తక్కువ చెప్పారు. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వెళ్ళి పదిమంది అన్నారు. తర్వాత జగన్మోహన్ రెడ్డి వెళ్ళి పద్నాలుగు అన్నారు. ఫిల్టర్లు బాగుచేయించని పాపం గత ప్రభుత్వానిదని వీళ్ళు, నాలుగు నెలలుగా గద్దె మీద కూర్చుని ఏం చేశారని వాళ్ళు.

ఈ పాట మనకు కొత్త కాదు. 2018 మార్చిలో గుంటూరులో మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసి జనం చచ్చిపోయినప్పుడు గద్దె తెలుగుదేశానిది, దండెత్తింది వైఎస్సార్ కాంగ్రెస్. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయేసరికి పాత్రలు తారుమారు. నీళ్ళు బాగానే ఉన్నాయని అప్పటి ప్రభుత్వం, నీళ్ళే కారణమని చంద్రబాబు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఆ తర్వాత పురుగుమందుల మాట వచ్చింది. (పురుగుమందు అనగానే రైతు మీదికి నెట్టేయడం సులువు. దాన్ని తయారుచేసి అమ్మిన కంపెనీ ఊసు ఎవరూ ఎత్తరు.) 2025 సెప్టెంబరులో బెజవాడ న్యూ రాజరాజేశ్వరీపేటలో వందలమంది మంచం పట్టినా అదే రభస, తిండి వల్లనా, నీళ్ళ వల్లనా అని.

అలాగని, రోగంతో రాజకీయం చేయకండి అనే పెద్దమనుషుల సలహా మేము ఒప్పుకోం. ప్రతిపక్షం అరవకపోతే చాలా చావులు కాగితం మీదికే రావు. వ్యవసాయ కూలీ ఎక్కువగా ఇంట్లోనో, ఆసుపత్రి దారిలోనో కన్నుమూస్తాడు. కారణం రాసే డాక్టరు అక్కడ ఉండడు. వయసు మీద పడిందంటారు, షుగరుందంటారు, గుండె ఆగిందంటారు. గుండె ఆగకుండా చచ్చిపోయేదెవరయ్యా? రాజకీయం చేయండి. అయితే శవాల దగ్గరే ఆగిపోకుండా నీళ్ళ దాకా రండి.

మా కంకిపాడు బందరు రోడ్డు మీద, బెజవాడకు దిగువన ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువలు బెజవాడ మురుగును మోసుకుని డెల్టాలోకి దిగుతాయి. ఆ నీళ్ళతోనే ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకోవాలి, కాలువ కట్టేశాక వేసవంతా వాటి మీదే బతకాలి. వడకట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకుకెక్కిస్తారు. కుళాయి నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. పరీక్షకు పెద్ద చదువు అక్కర్లేదు. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేస్తే పసుపురంగు తిరగాలి, తిరగకపోతే క్లోరిన్ లేనట్టే. ఆ గొట్టం ట్యాంకు కిందే ముంచుతారా, చివరి కుళాయి దాకా తెస్తారా అన్నదే మా తగువు. కాలువ కింద శివారు భూమికి నీళ్ళెలా అందుతాయో రైతులకు తెలుసు. కుళాయిలకూ శివారు ఉంది. అక్కడుండేది దళితవాడలు, కాలువగట్టు గుడిసెలు.

నాట్ల రోజుల్లో ఒక ఆడకూలీ వారం మంచాన పడితే ఆమె వారం కూలీ పోయింది, దగ్గరుండి చూసుకున్న మనిషి కూలీ కూడా పోయింది. ఆరెంపీ ఎక్కించిన సెలైనుకు అప్పు. చచ్చినవాళ్ళ ఇంటికి పరిహారం ప్రకటిస్తున్నారు, మంచిదే. లేచి కూర్చున్నదాని అప్పు సంగతి ఏ పార్టీ ఎత్తింది?

బొంబాయి ప్లేగునాడు, 1897లో, తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో కరోనాకు బయటికి తీశారు. అందులో జనాన్ని ఆపే అధికారం ఉంది, మాట వినకపోతే శిక్ష ఉంది. మురికినీళ్ళు తాగించినవాళ్ళకు శిక్ష మాత్రం ఆ చట్టంలో వెతికినా దొరకదు.

కాలువలు కట్టేయకముందే మా మండలంలో ఊరూరా గ్రామసభల్లో ఒకటే అడగాలనుకున్నాం. చివరి కుళాయి పరీక్ష వారంవారం జరగాలి. తేదీ, వీధి పేరు, రంగు తిరిగిందా లేదా, చేసిన మనిషి సంతకం, అన్నీ పంచాయతీ గోడ మీద అందరికీ కనపడేలా రాయాలి. పంచాయతీ ఎవరి చేతిలో ఉన్నా సరే. ఏ జెండా పట్టినవాళ్ళైనా మాతో వచ్చి ఆ గాజుగొట్టం పట్టుకుంటామంటే మాకు అభ్యంతరం లేదు.