మేస్త్రీ ఉండగానే
శ్రీకాకుళం చుట్టుపక్కల సెంటు, సెంటున్నర స్థలాల్లో లేచిన కొత్త ఇళ్లలో గృహప్రవేశానికి వెళ్తే ముందు ఎదురయ్యేది షోకేసు. ఉన్నదే 340 చదరపు అడుగులు. సగం కిటికీ దాని వెనకే పోతుంది. అలంకరణంటే పెయింటర్ వెళ్లాక మొదలయ్యే ఖర్చని మనవాళ్ల లెక్క. నన్నడిగితే అది మేస్త్రీ ఉండగానే తేల్చుకోవాల్సిన పని. తొమ్మిదంగుళాల గోడ లేస్తున్నప్పుడే కొంత చోటు లోపలికి వదలమంటే పాతకాలపు గూడు తయారు. పైగా నాలుగిటుకలు మిగులు. మేస్త్రీ సణుగుతాడు, సణగనీండి. గూటికి తెల్లగా సున్నం కొట్టి, బుడితి ఇత్తడి చెంబొకటి పెడితే గది నిండిపోతుంది. కిటికీకి మాత్రం పొందూరు ఖద్దరు జోలికి పోకండి. ఆ సన్న నేత పంచెకే అందం, ధరా ఎక్కువే. గోగునార మిల్లులు నడిచిన జిల్లాలివి, కర్టెనుకు గోనెగుడ్డ చాలదూ?