నాడి చూసే గడియారం తీర్పు చెప్పకూడదు



మన స్కూలు పూర్వ విద్యార్థి ఒకాయన ఇచ్చిన పరుగు గడియారం గురించి హాస్టల్లో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. మొదటి మాట: అది ఖరీదైన వస్తువు, పోతే ఎవరు కడతారు, అల్మారాలో పెట్టి తాళం వెయ్యండి. రెండో మాట: ఈసారి ఆటల పోటీలకు పరుగు టీమును ఆ గడియారం చూపించే నంబరును బట్టి ఎంపిక చేద్దాం, అప్పుడు పక్షపాతం అని ఎవరూ అనలేరు. ఈ రెండు మాటలూ సరైనవి కావని నా అభిప్రాయం. గడియారం బయట ఉండాలి, మన చేతులకి ఉండాలి. కాని ఎవరు పోటీకి వెళ్ళాలి, ఎవరు హాస్టల్లో ఉండిపోవాలి అన్న తీర్పు మాత్రం అది చెప్పకూడదు. ఎందుకో రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ముందు అది ఏం చేస్తుందో చెప్పుకుందాం. చిన్న తరగతుల పిల్లలు కొందరు అది మాయ అనుకుంటున్నారు. మాయ ఏమీ లేదు. మా తాత దూరం చెప్పాలంటే "రెండు గెడ్డలు దాటి, ఒక కొండ ఎక్కి దిగితే వస్తాది" అంటాడు. గడియారం ఆకాశాన్ని చూసి చెప్తుంది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా వాళ్ళ జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. 24 ఉపగ్రహాలకు తక్కువ కాకుండా చూసుకుంటారు. ప్రతి ఉపగ్రహమూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని రేడియో తరంగాల్లో చెప్తూనే ఉంటుంది. ఆ కబురు మన చేతికి చేరడానికి ఎంత సమయం పట్టిందో చూసి గడియారం దూరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాల కబురు అందితే మనం ఎక్కడున్నామో దానికి తెలుస్తుంది. అలా ఒక్కో చోటును గుర్తు పెట్టుకుంటూ, ఆ చుక్కలన్నిటినీ కలిపి ఇన్ని కిలోమీటర్లు పరిగెత్తావు అంటుంది.

ఇక నాడి సంగతి. గడియారాన్ని తిరగేసి చూడండి, ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమంటాయి. మన రక్తం ఎర్రగా ఉంటుంది, ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చేతి చర్మం కింద సన్న నాళాల్లోకి రక్తం ఎక్కువ వస్తుంది, అప్పుడు తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గడం, పెరగడం లెక్కపెట్టి నిమిషానికి ఇన్నిసార్లు అని చూపిస్తుంది. అంతే.

దీనివల్ల లాభం ఉందా? ఉంది. నా కళ్ళతో చూసిందే చెప్తాను. మా డార్మిటరీలో ఒక అమ్మాయి ఉంది. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను, అయినా పేరు రాయను. పొద్దున్న పరుగులో ఎప్పుడూ వెనకే ఉండేది. రెండు రౌండ్లకే కూలబడేది. "బద్ధకం పిల్ల, తిండికి ముందు, పరుగుకి వెనక" అని కొందరు అనేవారు. గడియారం వచ్చాక ఒకరోజు మా ఇద్దరం కబుర్లు చెప్పుకునేంత నిదానంగా పక్కపక్కనే పరిగెత్తాం. ఒక రౌండు నా చేతికి పెట్టుకున్నాను, ఒక రౌండు ఆమె చేతికి పెట్టాను. నాకు 150 దగ్గర చూపించింది. అదే నిదానానికి ఆమెకు 190 దాటింది. గడియారం పొరపాటేమో అని ఆగి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చించాం. అదే వచ్చింది. నేను జోగింగు చేస్తుంటే ఆమె గుండె పందెం పరిగెడుతోంది! వెళ్ళి ఏ.ఎన్.ఎమ్. అక్కకి చెప్పాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకి 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే. మోసేవాళ్ళు తక్కువైతే ఉన్నవాళ్ళు ఎక్కువసార్లు తిరగాలి కదా. సంతకి పది మంది మొయ్యాల్సిన బుట్టల్ని ఆరుగురు మోస్తే ఎన్ని తిరుగుళ్ళు అవుతాయి? గుండె కూడా అలాగే. ఇప్పుడు ఆమె డాక్టరు గారు చెప్పినట్టు మందు వాడుతోంది. నాలుగు రౌండ్లు ఆగకుండా తిరుగుతోంది. బద్ధకం అన్న మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

ఇది ఒక్క పిల్ల కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 100కి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. పైగా మన గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దాన్ని 2047 నాటికి లేకుండా చెయ్యాలని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు నీళ్ళు తాగకుండా, ఆగకుండా గట్టిగా పరిగెడితే ప్రమాదం. వాళ్ళకి ఐరన్ మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది కూడా డాక్టరే చెప్పాలి. కాబట్టి గడియారం డాక్టరు కాదు. కాని "డాక్టరు దగ్గరికి వెళ్ళు" అని చెప్పగల వస్తువు. అలాంటి దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేస్తే ఏం లాభం? గొడ్డలి అరిగిపోతుందని దాచుకుంటే పొయ్యి వెలగదు.

ఇక రెండో మాటకి వస్తాను. నంబరును బట్టి సెలెక్షన్ ఎందుకు వద్దంటున్నాను? నాలుగు కారణాలు ఉన్నాయి.

ఒకటి. మన చోటు. ఆకాశం బాగా కనిపించే మైదానంలో జి.పి.ఎస్. బాగానే చెప్తుంది. మనం పరిగెత్తేది కాఫీ తోటల మధ్య, సిల్వర్ ఓక్ చెట్ల కింద, ఘాట్ రోడ్డు మలుపుల్లో. చెట్లూ కొండలూ ఉపగ్రహాల కబురును అడ్డుకుంటాయి, లేదా అటూ ఇటూ తగిలి ఆలస్యంగా వచ్చేలా చేస్తాయి. మలుపు దగ్గర చుక్కలు సరిగా పడకపోతే గడియారం అడ్డంగా గీత గీసి మలుపును మింగేస్తుంది. మనం కాళ్ళతో పరిగెత్తిన దూరం దాని లెక్కలో తగ్గిపోతుంది. చెట్ల దారిలో పరిగెత్తిన పిల్ల నెమ్మది అయిపోతుంది, ఖాళీ గ్రౌండులో పరిగెత్తిన పిల్ల వేగం అయిపోతుంది.

రెండు. మన చేతులు. మార్గశిరం చలిలో తెల్లవారుజామున చేతులు కొయ్యబారిపోతాయి. అప్పుడు చర్మం కింద నాళాలు ముడుచుకుని రక్తం తక్కువ వస్తుంది, దీపానికి సరిగా దొరకదు. పట్టీ వదులైతే అడుగుల చప్పుడునే నాడి అనుకుని లెక్కపెట్టేస్తుంది. మనలో కొందరికి మణికట్టు మీద పచ్చబొట్టు ఉంది. ఆ రంగు వెలుగును ఆపుతుంది కాబట్టి వాళ్ళకి నాడి తప్పు చూపవచ్చు, ఒక్కోసారి అసలు చూపకపోవచ్చు. అమ్మమ్మ పొడిపించిన పచ్చబొట్టు వల్ల మనవరాలు సెలెక్షన్‌లో పోవాలా? రెండో చేతికి పెట్టుకుంటే సరిపోయేదానికి!

మూడు. ఇది అన్నిటికంటే పెద్ద కారణం. ఆ గడియారంలో ఒక్క మనిషి వివరాలే ఉన్నాయి. వయసు, బరువు, ఎత్తు అన్నీ ఇచ్చిన ఆయనవే. మనం 22 మందిమి మార్చి మార్చి పెట్టుకుంటున్నాం. అయినా ఆ గడియారం దృష్టిలో మనం 22 మందిమి కాదు, ఒకే ఒక్క పెద్దాయన. అది చూపించే "దమ్ము నంబరు" ఎలా వస్తుందో తెలుసా? ఎంత వేగానికి గుండె ఎంత కొట్టుకుందో చూసి, వయసు కలిపి, వారాల తరబడి అదే మనిషిని చూస్తూ అంచనా వేస్తుంది. ఒక అమ్మాయి ఆగి ఆగి పరిగెత్తాక ఇంకో అమ్మాయి పెట్టుకుంటే మొదటి అమ్మాయి ఆయాసం రెండో అమ్మాయి లెక్కలో కలుస్తుంది. దూరం తప్పు, నాడి తప్పు, వయసు తప్పు. మూడు తప్పుల్ని హెచ్చవేసినా, భాగించినా ఒప్పు రాదని మన లెక్కల మాస్టారే చెప్తారు.

వయసు సరిచేస్తే సరిపోతుంది కదా అంటారేమో. పూర్తిగా సరిపోదు. గుండె అత్యధికంగా ఎంత కొట్టుకోగలదో తెలుసుకోవడానికి 220లోంచి వయసు తీసెయ్యాలని ఒక సూత్రం ఉంది. 14 ఏళ్ళ నాకు 206 వస్తుంది. ఇంకో సూత్రంలో వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీస్తారు. అప్పుడు నాకు 198 వస్తుంది. రెండు సూత్రాలు, రెండు జవాబులు, నా గుండె ఒక్కటే. పైగా ఇవి పెద్దవాళ్ళని చూసి సగటున కట్టిన సూత్రాలు. ఒకే వయసున్న ఇద్దరికి 10, 12 తేడా ఉండడం మామూలే. సగటు అంటే అందరూ అని కాదు.

నాలుగు. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆడపిల్లలకి నెలలో కొన్ని రోజులు నాడి కాస్త ఎక్కువ ఉంటుంది. జ్వరం వచ్చే ముందు, నిద్ర లేనప్పుడు, ఇంటి మీద బెంగ పడినప్పుడు కూడా పెరుగుతుంది. ఆ నంబర్లు నోటీసు బోర్డు మీద అంటిస్తే మన ఒంటి సంగతి గోడ మీద పెట్టినట్టే. ఇప్పటికే భోజనాల దగ్గర "ఏటే, నీ గుండె పాసా ఫెయిలా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. గుండెకి పాసూ ఫెయిలూ ఏమిటి? అలాగే గడియారంలోని దారుల్ని ఫోనులోకి ఎక్కించి అందరికీ కనిపించేలా పెట్టకూడదు. 2018 జనవరిలో ఇలాగే సైనికులు పరిగెత్తిన దారులు ఒక ఇంటర్నెట్ మ్యాపులో కనిపించి, రహస్య స్థావరాలు ఎక్కడున్నాయో బయటపడింది. సైనికులకే అలా అయితే, చీకటితో లేచి పరిగెత్తే హాస్టలు ఆడపిల్లల దారి, టైము బయటివాళ్ళకి తెలియడం మంచిదా? వార్డెన్ మేడమ్ గారు ఆలోచించాలి.

మరి సెలెక్షన్ ఎలా? గ్రౌండును టేపుతో కొలిచి సున్నం గీత వెయ్యండి. పి.ఇ.టి. మేడమ్ మెడలో స్టాప్‌వాచ్ ఉంది. ఒకేరోజు, ఒకే గీత మీంచి అందరినీ పరిగెత్తించండి. ఒక్కసారి కాదు, మూడు రోజుల తేడాతో రెండుసార్లు. ఎవరు ముందు వస్తే వాళ్ళు వెళ్తారు. పక్షపాతం అన్న మాటకి అదే జవాబు. గీత దగ్గర ఎవరు ముందొచ్చారో అందరి కళ్ళకీ కనిపిస్తుంది. గడియారం నంబరు ఎలా వచ్చిందో ఎవరికీ కనిపించదు. కనిపించని దానితో ఓడిపోయిన పిల్ల జీవితాంతం అనుమానపడుతుంది.

మహారాష్ట్ర నాసిక్ జిల్లా ఆదివాసీ అమ్మాయి కవితా రౌత్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ ఆటల్లో 10,000 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అదే సంవత్సరం ఆసియా ఆటల్లో రజతం తెచ్చింది. ఇథియోపియా దేశపు అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను కాళ్ళకి బూట్లు కూడా లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. అందుకని బూట్లూ గడియారాలూ మనకి అక్కర్లేదు అని నేను అనను. పేదవాళ్ళు ఉత్త కాళ్ళతోనే పరిగెత్తాలి అనడం న్యాయం కాదు. మంచి వస్తువు మనకీ కావాలి. దాన్ని వాడే తెలివి మన చేతిలో ఉండాలి, అంతే.

చివరిగా నా సూచనలు:

1. గడియారానికి ఒక రిజిస్టరు పెట్టాలి. తీసుకున్నవాళ్ళు, తిరిగి ఇచ్చినవాళ్ళు సంతకం చెయ్యాలి. ఛార్జింగు బాధ్యత వారానికి ఒక గదికి ఇవ్వాలి.

2. వారం రోజులు ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆమె వయసు, బరువు, ఎత్తు అందులో మార్చి ఇవ్వాలి. టీములో ఉన్నవాళ్ళకే కాదు, వెనకబడినవాళ్ళకి ముందు ఇవ్వాలి.

3. నిదానంగా పరిగెత్తాల్సిన రోజు నిజంగా నిదానంగా పరిగెత్తడానికి వాడాలి. గడియారం లేనివాళ్ళు పక్క అమ్మాయితో కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తగలిగితే అది నిదానమే.

4. అందరికీ వేళ్ళతో నాడి చూసుకోవడం నేర్పాలి. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందు చూసుకోవాలి. ఎవరికి వాళ్ళకి రోజూ ఉండే లెక్క కంటే బాగా ఎక్కువ ఉంటే ఆ రోజు పరుగు మానాలి, ఏ.ఎన్.ఎమ్. అక్కకి చెప్పాలి.

5. ఎవరి నంబర్లు వాళ్ళ నోటుబుక్కులోనే ఉండాలి. నోటీసు బోర్డు మీద వద్దు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేను. మా అమ్మకి అంకెలు చదవడం రాదు. సంతలో కాటా ముల్లు ఎటు చూపిస్తే అటే నమ్మాల్సి వచ్చేది. ఇప్పుడు నేను పక్కన నిలబడి "ముందు ఖాళీ కాటా చూపించండి" అని అడుగుతాను. షావుకారు కోప్పడతాడు, కాని చూపిస్తాడు. చదువు అంటే యంత్రం చెప్పింది నమ్మడం కాదు, అది ఎలా చెప్పిందో అడగడం అని నేను అనుకుంటున్నాను. పెద్దలు, తోటి విద్యార్థినులు ఆలోచించి, సెలెక్షన్ రోజు లోపల మీ అభిప్రాయం కూడా ఈ గోడపత్రికకి రాసి ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని