గంగ ఒప్పందంలో రైతుకు చోటేది?

భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబరు 12న చేసుకున్న గంగా జలాల ఒప్పందానికి గడువు 30 ఏళ్లు. 2026 డిసెంబరుతో అది ముగుస్తుంది. ఏటా జనవరి నుంచి మే దాకా ఫరక్కా బరాజ్ వద్దకు చేరే నీటిని పది రోజులకో లెక్కన పంచుకోవాలన్నది దాని సారం. 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ వస్తే చెరి సగం. 50 వేల కంటే తగ్గితే రెండు ప్రభుత్వాలూ వెంటనే సంప్రదించుకోవాలి.

పంపకం సరే, ఫరక్కాకు నీరే రాకపోతే? ఎండాకాలంలో గంగను బతికించేది హిమాలయాల మంచు ఒక్కటే కాదు, భూమిలోంచి ఊరే నీరు కూడా. ఎగువ మైదానాల్లో బోర్లు ఆ ఊటనే తోడేస్తున్నాయి. ఒప్పందంలో భూగర్భ జలాల ఊసే లేదు. దిగువన గొరాయ్ పాయ ఎండితే ఖుల్నా ప్రాంత పొలాల్లోకి సముద్రపు ఉప్పు ఎక్కుతుంది. కాలువ చివరి భూములు సాగుచేసే మన రైతుకు ఈ బాధ వివరించనక్కర్లేదు.

అలాగని బోరు వేసిన రైతును దోషిని చేయడం అన్యాయం. కాలువ నీరు అందక, వరి, గోధుమలు తప్ప వేరే పంటకు గిట్టుబాటు ధర దక్కక అతను బోరును నమ్ముకున్నాడు. ఆ ధర ఇవ్వాల్సింది పాలకులే.

కొత్త ఒప్పందంలో భూగర్భ జలాలను రెండు దేశాలూ కలిసి కొలవాలి. ప్రవాహాల లెక్కలు ప్రజల ముందుంచాలి. 1972 నుంచి ఉన్న సంయుక్త నదుల కమిషన్‌లో రెండు దేశాల రైతు ప్రతినిధులకూ చోటివ్వాలి. నీటితో పంట పండించేవాడిని పక్కనబెట్టి అధికారులు రాసుకునే ఒప్పందం పొలాన్ని తడపదు.