మేళం వినిపించని పెళ్ళి వీడియో

పెళ్ళి వీడియో అంటే ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట. మూడు గంటల వీడియో ఎవరు చూస్తారండీ, నాలుగు నిమిషాలుండాలి, సినిమాలా ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి క్యాంప్ 2 తెలుగు ఇళ్ళలోనూ ఇదే వరస. స్టూడియోవాళ్ళు అంటున్నారు, పెళ్ళికూతుళ్ళు అంటున్నారు, డబ్బు కట్టే తండ్రులు తలూపుతున్నారు. పెళ్ళి ఉదయపూర్‌లోనో గోవాలోనో, అంత ఓపిక లేకపోతే రుషికొండ ఒడ్డున ఏదో రిసార్టులోనో. వీడియో మాత్రం డ్రోన్ షాట్‌తో మొదలై, స్లో మోషన్‌లో నడిచి, కళ్ళు చెమర్చే పాటతో ముగియాలి. పాతదంతా చాదస్తం, ఇది కళ. ఊరంతా ఈ మాట పట్టుకుని ఊగిపోతోంది గానీ, ఇంత కురచ చూపు మరొకటి లేదని నా అభిప్రాయం.

పెళ్ళికి ఊరు దాటి వెళ్ళడం మనకేమీ కొత్త కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయి ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక కూలీల కోసం వెలిసిన బస్తీలే క్యాంప్ 1, క్యాంప్ 2. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ప్లాంటును నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. పిల్లల పెళ్ళిళ్ళకు మాత్రం చాలామంది సొంతూరికే పోయేవారు. రైలెక్కి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటుకుంటూ, ట్రంకు పెట్టెలూ పులిహోర పొట్లాలూ మోసుకుంటూ పోయేవారు. అదే దారిలో 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది. అప్పట్లో అంత దూరం వెళ్ళింది సముద్రాన్నో కోటగోడల్నో చూసి కాదు. మేనమామ అక్కడున్నాడు, రైలెక్కలేని ముసలమ్మ అక్కడుంది, అందుకని.

మరి సెలవు దొరకనివాళ్ళ మాట? ప్లాంటు పెళ్ళి కోసం ఆగదు. నైట్ షిఫ్ట్ పడ్డ పెదనాన్న ఇక్కడే ఉండిపోయేవాడు. ఆయన కోసం వచ్చేదే క్యాసెట్. అద్దెకు తెచ్చిన వీసీఆర్ చుట్టూ వాడంతా చేరి చూసేవారు. వీడియో సగం, వ్యాఖ్యానం సగం. "ఆగాగు, కాస్త వెనక్కి తిప్పు. ఆ పచ్చచీర ఎవులే?" పెళ్ళికి రాలేనివాళ్ళకు పెళ్ళిని మోసుకొచ్చేదే పెళ్ళి వీడియో. ఆ పని చేయనిదాన్ని ఎంత అందంగా తీసినా నేను పెళ్ళి వీడియో అనను.

ఇప్పటి పద్ధతి వచ్చింది వేరే చోటి నుంచి. 2017 డిసెంబరులో ఇటలీలోని టస్కనీలో కోహ్లీ, అనుష్కల పెళ్ళి జరిగింది. లేత రంగులు, పూలు, చిరునవ్వులు నిండిన ఆ వీడియో ముక్కలు దేశమంతా ఫోన్లలో తిరిగాయి. మరుసటి ఏడాది లేక్ కోమోలో దీపిక, రణ్‌వీర్‌ల పెళ్ళి. దాని వీడియో ఐదేళ్ళ తర్వాత, 2023లో, కరణ్ జోహార్ షోలో బయటికొచ్చింది. మహాబలిపురంలో 2022లో జరిగిన నయనతార పెళ్ళి 2024లో నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీకెక్కింది. వాళ్ళను తప్పుపట్టను. ముఖమే వాళ్ళ వృత్తి, చూసేవాళ్ళు కోట్లలో ఉన్నారు. ఆ కోట్లమందికి పెళ్ళికూతురి మేనత్త ఎవరో అక్కర్లేదు, కాబట్టి ఆ వీడియోలో మేనత్త ఉండనక్కర్లేదు. కానీ క్యాంప్ 2లో గ్రైండింగ్ వర్క్‌షాపు నడుపుకునే ఆయన కూతురి పెళ్ళి వీడియోను మేనత్తలూ పిన్నులూ తప్ప ఎవరు చూస్తారు? లోకానికి తీసే ప్రకటనను తెచ్చి చుట్టాలకు తగిలిస్తున్నాం.

ఈ మధ్య ఇక్కడి ఒక కుటుంబం చూపించిన ట్రైలర్ సంగతి చెబుతాను. ముందు సముద్రం, పైనుంచి రిసార్టు కప్పు. హ్యాంగర్‌కు వేలాడే పట్టుచీర, గాజులు, అత్తరు సీసా. పెళ్ళికూతురు కిటికీ దగ్గర నిలబడి ఎటో చూస్తోంది. పెళ్ళికొడుకు గడియారం పెట్టుకుంటున్నాడు, అదే గడియారం మూడు కోణాల్లో. జీలకర్ర-బెల్లం రెండు సెకన్లు. తాళి దగ్గరికొచ్చేసరికి పియానో. తలంబ్రాలు నెమ్మదిగా, ఒక్కో గింజా లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా రాలుతున్నాయి. వెనకాల పసుపు రంగు మచ్చ ఒకటి కదులుతోంది. అది పెళ్ళికొడుకు తాతగారని పక్కనున్నవాళ్ళు చెబితే తెలిసింది. లెన్సు బాగా తెరిచి తీస్తే వెనకున్నవన్నీ మసకబారి ముందున్న జంట ముఖాలు మెరుస్తాయి. సాంకేతికంగా లోపమేమీ లేదు. తాతగారే లేరు.

శబ్దం సంగతి ఇంకా అన్యాయం. స్లో మోషన్ కోసం కెమెరాను ఆ మోడ్‌లో పెడితే చాలా కెమెరాలు శబ్దాన్ని అసలు రికార్డే చేయవు. మామూలు వేగంలో తీసిన దాని శబ్దాన్నీ ఎడిటింగ్‌లో తీసిపారేసి పాట అతికిస్తారు. ఇదే వీడియోను క్రైస్తవ పెళ్ళికి తీస్తే నష్టం కొంత తగ్గుతుంది. ప్రమాణాల దగ్గర మైకు పెడతారు, ఆ మాటలు మిగులుతాయి. మన పెళ్ళికి గుండెకాయ మేళం. తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే సన్నాయీ డోలూ ఒక్కసారిగా లేస్తాయి. ఏ తుమ్మూ అపశకునపు మాటా ఆ క్షణంలో చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటది. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకు పీటలు కనబడవు, కెమెరావాళ్ళ వీపులే కనబడతాయి. మేళం వినే వాళ్ళు అక్షింతలు వేస్తారు. ఆ క్షణం జనానికి చెవి ద్వారా తెలుస్తుంది. అక్కడ మేళాన్ని నొక్కేసి పియానో పెట్టడమంటే, పెళ్ళి జరిగిందని నలుగురికీ చాటిన గొంతునే నొక్కడం.

క్యాంప్ 2కు దీనివల్ల కలిగే నష్టం ఇంకొకటుంది. అది హైదరాబాదువాళ్ళకు అంతగా తట్టదు. ఇక్కడి మూడో తరం పిల్లలు బడిలో హిందీ చదువుతారు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, అక్షరాలు రావు. వాళ్ళకు మిగిలిన తెలుగు చెవిలోనే ఉంది. అందులోనూ మామ్మలు మాట్లాడే ఉత్తరాంధ్ర తెలుగు, "ఏటే", "ఒలమ్మీ" అని పిలుచుకునే తెలుగు, పెళ్ళిళ్ళలోనే నిండుగా వినిపిస్తుంది. పసుపు దంచుతూ పాడే పాటలూ, నలుగు పెడుతూ పాడేవీ, వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాడేవీ ఏ పుస్తకంలోకీ ఎక్కనివి ఎన్నో వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. ఆ మామ్మలు పాడుతుండగా లక్షల విలువైన కెమెరాలు వాళ్ళ చేతుల ముడతల్ని క్లోజప్‌లో పట్టి, పాటను పారేస్తున్నాయి. మహాభారత కథలను పాడి చెప్పే పండవానీ కళాకారిణి తీజన్ బాయికి ఉద్యోగమిచ్చిన స్టీల్ ప్లాంటు నీడలో ఉన్న ఊరు ఇది. అక్షరం రాని గొంతు విలువ మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

అవతలివాళ్ళ వాదంలో బలం లేదనను. పాత వీడియోలు చూసి నవ్వొచ్చిన మాట నిజం. గుండె ఆకారంలో పెళ్ళికొడుకు ముఖం, గులాబీ రేకులు విచ్చుకుంటే లోపల పెళ్ళికూతురు, ప్రతి చుట్టం కళ్ళలోకీ గుచ్చుకునే లైటు, భోజనాల బంతిలో నోటినిండా ముద్ద ఉన్నవాళ్ళ మీద నిర్దాక్షిణ్యంగా సాగే కెమెరా. ఆ మిక్సింగ్‌ను ఎవరూ తిరిగి కోరుకోరు. కొత్త కుర్రాళ్ళకు వెలుగు తెలుసు, ఫ్రేము తెలుసు. కానీ "పొడవు వీడియో ఎవరూ చూడరు" అన్నదే పెద్ద బొంకు. పెళ్ళైన నెలలో ఎవరూ చూడరు, సరే. పదేళ్ళకు చూస్తారు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు వాళ్ళ మాట, వాళ్ళ నడక వెతుక్కుంటూ చూస్తారు. ట్రైలర్‌లో వెతకడానికి ఏముంది, గడియారం తప్ప?

పాట గురించి ఇంకో ముక్క. పెళ్ళి వేడుకల్లో సినిమా పాటలు వేసుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపునిచ్చింది. 2023 జులైలో కేంద్రం దాన్ని మళ్ళీ స్పష్టం చేసింది. అది వేడుకలో పాట వేసుకోవడానికే. అదే పాటను వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే కంపెనీ క్లెయిం రావచ్చు, శబ్దం మూగబోవచ్చు. మామ్మ పాడిన నలుగు పాటకు ఏ కంపెనీ అడ్డుపడదు. ఉచితంగా దొరికేదాన్ని తీసేసి, అప్పుతెచ్చుకున్నదాన్ని పెడుతున్నారు.

సినిమాలా ఉండాలనే కదా పట్టు. 1991లో వచ్చిన 'పెళ్ళిపుస్తకం'లో బాపు పెళ్ళి తంతు చుట్టూ ఒక పాట తీశారు. తెలుగు ఇళ్ళలో పెళ్ళంటే ఇప్పటికీ గుర్తొచ్చే పాట అది. సినిమా తీసినాయనకే పెళ్ళి తంతు మీద అంత మక్కువ ఉంటే, పెళ్ళి తీసేవాళ్ళు దాన్ని రెండు సెకన్లకు కుదించడం ఏమిటో! పైగా "పంతులుగారూ, ఒక్క నిమిషం, తెర మళ్ళీ దించండి" అని పెళ్ళిని ఆపడం ఒకటి. ముహూర్తం పెట్టింది జాతకాలు చూసి, ఫోకస్ చూసి కాదు.

కాబట్టి స్టూడియోతో మాట్లాడేటప్పుడు ట్రైలర్ వద్దని చెప్పమనను, అది కూడా తీయనివ్వండి. దానికి ముందు కొన్ని షరతులు కాగితం మీద రాయించుకోండి. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఒక కెమెరా స్టాండు మీద నిలబడి, కదలకుండా, మామూలు వేగంలో, శబ్దంతో తీయాలి. పేరంటాళ్ళ దగ్గర వేరే రికార్డరు పెట్టాలి. బంతుల దగ్గర, విడిదిలో ప్రతి ముఖం ఒక్కసారైనా స్పష్టంగా రావాలి. ఎడిట్ చేయని ఫుటేజ్ మొత్తం మీకు ఇవ్వాలి, ఎందుకంటే చాలాచోట్ల కొన్ని నెలలకు దాన్ని తుడిచేస్తారు. ఇదంతా బడ్జెట్‌లో కుదరదంటే డ్రోన్ తీసేయమనండి. రిసార్టు కప్పు ఎలా ఉందో చూపించమని అడిగిన చుట్టం నాకింతవరకు తగల్లేదు. ఆ డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి మీరుంచుకుని, రెండోది ఊళ్ళో మేనమామ ఇంట్లో పెట్టండి.